నాలుక మీద గంజి నూలు

పోయిన వారం తాండూరు బజారులో ఒక దుకాణం ముందు నిలబడి, కండె మీది నూలు జానెడు లాగి నాలుక మీద పెట్టుకున్నాను. పెట్టుకోగానే జిగురు తగిలింది, దాని వెనకే గంజి పులుపు. ఎనభైకి దగ్గరపడ్డ ఆడమనిషి నడిబజారులో దారం చప్పరిస్తుంటే చూసేవాళ్లకు విడ్డూరంగానే ఉంటుంది. దుకాణం అతను నవ్వి, "ఏం పెద్దమ్మా, చాక్లెట్ అనుకున్నవా?" అన్నాడు. నా పక్కన పాతికేళ్ల అమ్మాయి ఒకతె అదే నూలు ఆరు కండెలు ముందు పెట్టుకుని ఉంది. ఇంట్లో వాడుకునే అల్లిక మిషన్ కొత్తగా కొనుక్కుందట. ఆ పులుపు తగిలిన మరుక్షణం నాకు ఒళ్లు మండిపోయింది, అయితే అతని మీద కాదు. అది అరవై ఏళ్లు దాటిన మంట. అదేమిటో తెలియాలంటే మీకు మార్తమ్మ టీచర్ తెలియాలి, ఆవిడ మీకు తెలిసే దారి లేదు. వికారాబాదులోనే ఇప్పుడు ఆవిడ పేరు చెబితే ఎవరని అడుగుతారు.

మార్తమ్మది బంట్వారం దగ్గర పల్లె. అమ్మానాన్నలు ఇతరుల చేలల్లో జొన్నకూ కందికీ కూలికి పోయేవాళ్లు. పోలీసు చర్య జరిగిన ఏడాది ఆవిడకు దగ్గుతో నెత్తురు పడితే వికారాబాదు గుట్ట మీది క్షయ దవాఖానలో చేర్చారు. బతికి దిగివస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదట. రెండేళ్లకు పైగా అక్కడే ఉంది. ఎడమ వైపు పక్కటెముకలు కొన్ని తీసేశారు, అందుకే ఆవిడ ఎడమ భుజం ఎప్పుడూ కొంచెం కిందికి ఉండేది. అక్కడ పనిచేసే ఒక విదేశీ నర్సమ్మ, మంచం మీద ఊరికే పడి ఉండొద్దని ఆవిడకు ఊలు అల్లడం నేర్పింది. ముందు చేతిసూదులతో, ఆ తరువాత తన సొంత మిషన్ మీద. నర్సమ్మ తన దేశానికి వెళ్లిపోయేటప్పుడు ఆ మిషన్‌ను మార్తమ్మ చేతికిచ్చి, ఇది నీది అని చెప్పి రైలెక్కింది. కాగితం రాయలేదు. ఇచ్చిన మనిషికీ పుచ్చుకున్న మనిషికీ కాగితం కావాలని తోచనే లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నేను ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు పదిహేడేళ్లు. యాభైల చివర అనుకోండి. నాన్న పోయి మూడేళ్లయింది. తాండూరులో ఉన్న మా మేనమామ నెలనెలా పంపే కందిపప్పు, జొన్నలతో అమ్మా నేనూ వికారాబాదులో బతుకుతున్నాం. మామ చుట్టుపక్కల మగ్గాలవాళ్లకు నూలు అమ్మే వ్యాపారి. మంచివాడు కాదని నేననను, మా కడుపులు నింపినవాడే. ఆ ఏడాది ఊళ్లో కొత్తగా మహిళా మండలి పెట్టారు. స్టేషన్ దారిలో గది తీసుకుని కుట్టూ అల్లికా నేర్పిస్తామన్నారు. అల్లికకు మిషన్ ఎక్కడిది? మార్తమ్మది. ఆవిడను టీచర్‌గా పెట్టుకుంటే మిషన్ దానంతటదే వెంట వస్తుందని మండలి పెద్దల తెలివి. ఆవిడ దాన్ని గోనెలో చుట్టి, ఆ ఒరిగిన భుజంతోనే నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. మోయడానికి ఒక్కరూ తోడు పోలేదు.

ఆ మిషన్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. బారెడు ఇనుప పలక, దాని మీద వరసగా సూదులు. ప్రతి సూది కొసన చిన్న కొక్కెం, కొక్కేనికి పడి లేచే చిన్న నాలుక. పైన ఒక బండి ఉంటుంది. దాన్ని ఇటు నుంచి అటు తోస్తే ఒక వరస అల్లిక పడుతుంది, అటు నుంచి ఇటు తోస్తే ఇంకో వరస. చూసినవాళ్లంతా మిషన్ ఎంత గొప్పదో అని నోరు తెరిచేవాళ్లు. టీచరమ్మకు ఆ మాట గిట్టేది కాదు. "మిషినేం చేస్తది? ఊకె అటు ఇటు ఉరుకుతది. చేసేదంత నూలే," అనేది. మొదటి నెలంతా మమ్మల్ని మిషన్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నూలు ముట్టుకోండి, నూలు చూడండి, నూలు చెప్పండి, అంతే. నాకు విసుగొచ్చి ఒకరోజు, "అల్లిక నేర్చుకుందామని వచ్చిన టీచరమ్మా, గీ దారాలు చూసుడెందుకు?" అన్నాను. ఆవిడ నా వైపు కూడా చూడకుండా, "బియ్యంల రాళ్లు ఏరకుండ అన్నం వండుతవా? వండు. నేనైతె తినను," అంది.

ఆ దారాలు చూసుడే నా బతుకుకు చదువైంది. మొదట నాలుక. జానెడు దారం నోట్లో తడిపి చూడాలి. మెత్తబడితే ఉత్త నూలు, జిగురొస్తే గంజి పెట్టింది. రెండోది మెలిక. మూరెడు దారం తీసి రెండు కొసలూ దగ్గరికి తేవాలి. మధ్యలో ఉయ్యాలలాగా వేలాడితే మంచిది, తనకు తానే చుట్టుకుపోతే పురి ఎక్కువైనట్టు. అలాంటి నూలుతో అల్లిన స్వెట్టరు ఒక పక్కకు ఒరిగిపోతుంది, తొడుక్కున్న పిల్లవాడు దాన్ని రోజంతా సర్దుకుంటూనే ఉంటాడు. మూడోది కొక్కెం. విడి సూది ఒకటి చేతిలో పట్టుకుని దారాన్ని కొక్కెంలో పెట్టి, నాలుక హాయిగా మూతపడుతుందో లేదో చూడాలి. లావుగా ఉంటే ఎంత మంచి ఊలైనా అది చేతిసూదుల పాలే, మిషన్‌ది కాదు. ఇవన్నీ అయ్యాక అరచేతంత ముక్క అల్లి, కొలిచి, ఉతికి, ఆరబెట్టి మళ్లీ కొలవాలి. నడుముకు ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ముక్క దోపుకుని ఉండేది ఆవిడ. నూలుదారాన్ని కండెకు చుట్టేటప్పుడు దాని మీదుగా పోనిచ్చేది, సూదుల్లో జారేందుకు. ఒకసారి మా అమ్మ కొనిచ్చిన పట్టులా మెరిసే దారం తీసుకుపోతే, "మెరుపు చూసి కొన్నరా? మంచిది. మెరుపును అల్లు, దారం పక్కకు పెట్టు," అంది. ఆడపిల్లలందరూ నవ్వారు, నేను ఏడ్చినంత పని చేశాను.

మా వైపు మగవాళ్లు నూలు చూసే పద్ధతి వేరు. రెండు చేతుల మధ్య దారం పట్టుకుని చటుక్కున గుంజుతారు. టంగుమని మోగి తెగకుండా నిలిస్తే అది ఫస్టు రకం. మగ్గానికి అది సరైన పరీక్షే. నిలువు దారాలుగా వేసే పడుగు నూలు మగ్గం మీద రాపిడికి ఆగాలి కదా, అందుకే దానికి గంజి పట్టించి కట్టెలా చేస్తారు. తాండూరు బజారులో నూలు కొన్న ప్రతివాడూ అలాగే కొన్నాడు, వాళ్ల తాతలూ అలాగే కొన్నారు. గట్టిదే మంచిదని వాళ్ల వేళ్లకు అలవాటైపోయింది. అల్లిక నూలుకు కావలసింది గట్టిదనం కాదు, వంగే గుణం అని చెబితే ఎవరికీ ఎక్కలేదు, చెప్పిన మనిషి ఎవరో చూసి అసలు వినలేదు. అదే మాట ఏ పట్నం ఇంజనీరో చెప్పి ఉంటే చెవులు నిక్కబొడుచుకుని వినేవాళ్లు.

మా ఇంటి సంగతి చెప్పకపోతే నేను కూడా దొంగనే అవుతాను. ఒకసారి నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు క్లాసుకు పోకపోతే, టీచరమ్మ చూడడానికి వచ్చింది. అమ్మ ఆవిడను గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడింది. నీళ్లడిగితే, పెరట్లో విడిగా బోర్లించి ఉంచే సత్తు గ్లాసులో ఇచ్చింది. ఆవిడ తాగి, గ్లాసు తానే కడిగి, తీసిన చోటే బోర్లించి పోయింది. ఆ చోటు ఆవిడకు ఎవరూ చూపించలేదు, ఇలాంటి ఇళ్లన్నింట్లోనూ గ్లాసు ఎక్కడ ఉంటుందో ఆవిడకు తెలుసు. నేను మంచం మీద నుంచి అదంతా చూస్తూ ఊరుకున్నాను. అప్పుడు నాకు అది తప్పని కూడా తోచలేదు. అది తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండో ఏడు చలికాలం ముందు మండలికి మంచి పని ఒకటి వచ్చింది. గుట్ట మీది రోగులకు నలభై స్వెట్టర్లు కావాలన్నారు. టీచరమ్మ మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "ఆ గుట్ట గాలి నీకు తెల్వది పద్మా. వరండల మంచాలేసి పండవెడ్తరు. నేను రెండు చలికాలాలు పండుకున్న ఆడ," అంది. ఊలు హైదరాబాదు నుంచి తెప్పిస్తామని మొదట చెప్పారు. ఊలు రాలేదు. దాని బదులు తాండూరు పాసింజరులో నూలు బేళ్లు దిగాయి, వెంట మా మామ దిగాడు. మండలి అధ్యక్షురాలు ఆయనకు కబురు పెట్టిందట. ఊరంతా దొరసాని అని పిలిచే ఆ అధ్యక్షురాలికి మామ నూలు గుంజి మోగించి చూపించాడు. ఆమె మురిసిపోయింది.

టీచరమ్మ ఒక దారం తీసి నాలుక మీద పెట్టుకుంది. ఇంకొకటి తీసి నా చేతికిచ్చి, "నువ్వు చెప్పు," అంది. నేను పెట్టుకున్నాను. జిగురు, వెనకే పులుపు. "గంజి," అన్నాను నెమ్మదిగా. మామ అప్పుడు దొరసానితో అవతల మాట్లాడుతున్నాడు, వినలేదు. టీచరమ్మ వాళ్ల దగ్గరికి పోయి చేతులు కట్టుకుని చెప్పింది. "దొరసానీ, ఇది పడుగు నూలు. గంజి మీదున్నది. నూలుతోని చేయొద్దంటలేను. రెండు రోజులు ఇయ్యుండ్రి, ఉడకవెట్టి, కడిగి, మైనం వట్టిస్త. అప్పుడన్న జర వంగుతది. గిట్లనే ఎక్కిస్తే సూదులు ఇరుగుతయి. ఇరిగితె ఈ దేశంల దొరకయి." దొరసాని మొహం చిట్లించింది. ఎల్లుండే పై ఆఫీసరు చూడడానికి వస్తున్నాడు, అప్పటికి నాలుగు స్వెట్టర్లయినా గోడకు వేలాడాలి. మామకు ఇంకో బాధ. ఆయన నూలును ఉడకబెట్టి కడుగుతాననడం ఆయనకు నలుగురిలో చెంప మీద కొట్టినట్టయింది. "కొత్త నూలును కడుగుతదట! మైల ఏమన్న పట్టిందా?" అన్నాడు. మైల అనే మాట ఆవిడ మొహం చూస్తూ అన్నాడు.

టీచరమ్మ ఒక్క చిలప, అంటే నూలు చుట్ట, తీసుకుని, కడిగి తెచ్చి చూపిస్తే అయినా నమ్ముతారని బావి దగ్గరికి పోయింది. ఆవిడ అటు పోగానే దొరసాని నా వైపు తిరిగింది. "నీకు వస్తది కద మిషిన్? మీ మామ నూలే కద. నడుపు చూద్దాం." మామ నా వెనక వచ్చి నిలబడ్డాడు. నేను కాదనవచ్చు. టీచరమ్మ వచ్చేదాకా ఆగుదామనవచ్చు. నా నాలుక మీద ఇంకా గంజి రుచి పోలేదు. అయినా కండె ఎక్కించాను. నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కాదు, మామ ముందు మిషన్ నడిపి చూపించాలన్న సరదా కూడా ఉంది నాకు.

రెండు వరసలు పడ్డాయి. మూడో వరసలో టిక్కుమంది. ఒక సూది కొక్కెం ఎగిరిపోయింది. ఆగాను. "ఒక్కటె కద, కానియ్యి బిడ్డా, గట్టిగ తొయ్యి," అన్నాడు మామ. గట్టిగా తోశాను. అంతే, టకటకమని వరసగా విరిగాయి. బండి మధ్యలో బిగుసుకుపోయింది. దాన్ని లాగబోతే సూదుల్ని పట్టి ఉంచే కింది పట్టీ వంగింది. మొత్తం తొమ్మిది సూదులు. టీచరమ్మ తడి చిలప పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ చిలపను కింద పెట్టింది. విరిగిన సూదుల్ని ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంది. నన్ను తిట్టలేదు. "ఎవలు నడపమన్నరు?" అని ఒక్కటే అడిగింది. నేను జవాబు చెప్పేలోపు దొరసాని, "అవన్ని రేపు మీటింగుల మాట్లాడుదాం," అంది.

మీటింగంటే పెద్ద సభ కాదు. పొద్దున్నే దొరసాని, రిజిస్టరు రాసే గుమాస్తా, మామ, ఇద్దరు ముగ్గురు మండలి ఆడవాళ్లు. వాళ్లందరికీ చాప వేశారు, టీచరమ్మ నిలబడింది. "ఆఫీసరు వస్తె ఏం చూపియ్యాలె ఇప్పుడు?" అంది దొరసాని. "నూలు చూపియ్యుండ్రి. చూస్తె ఆయనకే తెలుస్తది," అంది టీచరమ్మ. మామ లేచాడు. "మూడు తరాల సంది నూలు అమ్ముతున్నం. నా నూలుకు వంక వెట్టినోడు తాండూర్ల ఒక్కడు లేడు. ఈమెకు నూలు గురించి ఎవడు నేర్పిండు?" ఆవిడ గొంతు పెంచలేదు. "మగ్గానికి మీ నూలు మంచిదే పటేలా, నేను కాదంటలేను. ఇది మగ్గం కాదు. గట్టి నూలు వంగకుంటె సూది వంగుతది, సూది వంగకుంటె ఇరుగుతది. నా మాట మీద నమ్మకం లేకుంటె పద్మను అడుగుండ్రి. ఆ పిల్లకు నూలు తెలుసు. నేను నేర్పిన."

అందరూ నా వైపు తిరిగారు. ముందురోజు టీచరమ్మ ఇచ్చిన నూలు ముక్కను గుప్పిట్లో పెట్టుకునే వచ్చాను, అది చెమటకు జిగురై అరచేతికి అంటుకుంది. "చెప్పు బిడ్డా, నూలు ఎట్లున్నది?" అంది దొరసాని. మామ గొంతు సవరించుకున్నాడు. అంతకు మించి ఆయన ఏమీ చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరం కూడా లేదు. మా ఇంట్లో డబ్బాలో ఉన్న పప్పు నాకు గుర్తొచ్చింది.

"నాకు తెల్వది," అన్నాను.

టీచరమ్మ నా మొహం చూడలేదు. నా గుప్పిట వైపు చూసింది. గుమాస్తా రిజిస్టరులో రాశాడు, బోధకురాలి అజాగ్రత్త వలన సూదులు విరిగినవి అని. ఆవిడను ఆ రోజుతో ఆపేశారు. మిషన్ తీసుకుపోతానంటే, "మండలి గదిల ఉన్నది మండలిదే. నీదని కాగితముంటె తే," అంది దొరసాని. ఆ న్యాయం చూడండి. విరిగింది ఆవిడ తప్పు వల్ల, వస్తువు మాత్రం మండలిది! తను కొనని నూలుకు నింద ఆవిడ మొయ్యాలి, నెత్తిన మోసుకొచ్చిన మిషన్‌ను వదిలేసి పోవాలి. విరిగిన సూదులు కొంగున కట్టుకుని, కొవ్వొత్తి ముక్క నడుముకు దోపుకుని, ఆవిడ బంట్వారం దారి పట్టింది.

ఆఫీసరు వచ్చాడు. గోడకు వేలాడదీసిన చేతిరుమాళ్లు చూశాడు, ఉప్మా తిన్నాడు, పోయాడు. ఆ చలికాలం గుట్ట మీద వరండాల్లో పడుకున్నవాళ్లకు స్వెట్టర్లు రాలేదు. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ నెల తాండూరు నుంచి పప్పుతో పాటు నాకొక చీర వచ్చింది. ఎందుకు పంపాడని అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు. దసరాకు కట్టుకున్నాను కూడా. సిగ్గులేనిదాన్ని.

తరువాత నాకు తాండూరు సంబంధమే కుదిరింది. మా ఆయన నాపరాయి గనుల దగ్గర గుమాస్తా. ఏళ్లు గడిచాయి. మామ పోయాడు. ఆయన దినాలు అయిన వారానికి నేను బంట్వారం బస్సెక్కాను. మామ ఉన్నన్నాళ్లూ ఎక్కని బస్సు, పోయాక ఎక్కాను. దీన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. టీచరమ్మ వాకిట్లో కూర్చుని ఎండిన కంది మండలు కర్రతో కొడుతోంది. జుట్టు సగం తెల్లబడింది, భుజం ఇంకా కిందికి దిగింది. "పద్మను టీచరమ్మా," అన్నాను. "ఊఁ," అని కర్ర ఆపకుండానే, "మిషిన్‌కు నూనె వెడుతున్నరా?" అని అడిగింది. ఆవిడ నన్నడిగిన మొదటి మాట అది. నాకు తెలియదు. ఈసారి నిజంగానే తెలియదు.

ఏడెనిమిదేళ్లుగా గొంతులో ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పాను. నూలు గంజిదని నాకు తెలుసని, తెలిసే నడిపానని, తెలిసే తెలియదన్నానని. ఏడ్చాను. ఆవిడ కర్ర పక్కన పెట్టింది. "గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్? నూలు సంగతి నాకు తెల్వదా? ఆడ అడిగిండ్రు నిన్ను. ఆడ చెప్పాలె."

"మామ పోయిండు టీచరమ్మా. ఇప్పుడు చెప్తె ఏం లాభం?"

"మామ పోతె రిజిస్టర్ పోయిందా?" అంది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మం బయట నిలబడే తాగాను. తాగి, చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

రిజిస్టరు పోలేదు. మండలి గది అదే, దొరసాని ఆమే, గుమాస్తా కూడా అతనే. నేను వచ్చిన పని చెబితే దొరసాని నవ్వింది. "పాత ముచ్చట్లు తవ్వుకుంట ఎందుకు పరేషానైతవ్ బిడ్డా? అందరు మరిచిపోయిండ్రు." అందరూ మరిచిపోయారట! ఎవరికి నష్టం జరగలేదో వాళ్లంతా మరిచిపోయారు. నేను పేజీ వెతికించాను. ఆ వాక్యం అక్కడే ఉంది, గుండ్రని అక్షరాల్లో. కొట్టెయ్యమన్నాను. "రాసింది కొట్టెయ్యరాదమ్మా," అన్నాడు గుమాస్తా. "కొట్టెయ్యకు. కింద జాగ ఉన్నది కద," అని అతని చేతిలోని కలం లాక్కుని నేనే రాశాను. "ఆ నూలు గంజి పెట్టిన పడుగు నూలు. టీచరు వద్దన్నది. ఆమె లేనప్పుడు మిషన్ నడిపింది నేను. అడిగితే తెలియదన్నాను. నాకు తెలుసు." కింద నా పేరు రాశాను, ఇంటి పేరుతో సహా. ఆ ఇంటి పేరు పక్కన అలాంటి మాట ఉండటం మా వాళ్లకు నచ్చదని నాకు తెలుసు.

మిషన్ మూలన ఉంది. దాని మీద చీపురు, పాత క్యాలెండర్లు. ఒక్క చుక్క నూనె పడినట్టు లేదు, సూదుల గాడుల్లో తుప్పు పూసుకుపోయింది. దీన్నయినా ఆవిడకు ఇచ్చెయ్యండి అన్నాను. తీర్మానం కావాలన్నారు. తీర్మానం కోసం రెండు నెలలు తిరిగాను. మూడోసారి పోయేసరికి మూల ఖాళీగా ఉంది. పాత ఇనుము కొనేవాడు వస్తే బొక్కెనలతో కలిపి ఇచ్చేశారట. దానికి మాత్రం ఏ తీర్మానమూ అవసరం లేకపోయింది.

మళ్లీ బంట్వారం పోయి రెండు సంగతులూ చెప్పాను. ఏం రాశావో చెప్పమంది. చెప్పాను. "నీ పేరు రాసినవా?" "రాసిన." మిషన్ సంగతి విని వాకిట్లో కూర్చుంది. "నర్సమ్మ రోజు పొద్దున నూనె బట్టతోని తుడిచేది దాన్ని. తుడిచినంకనే చాయ తాగేది," అంది. ఆ గొంతులో కోపం ఉంది. ఆ కోపం తీర్చడానికి నా దగ్గర ఏమీ లేదు, నేను రాసిన నాలుగు వాక్యాలకు ఆ మిషన్ తిరిగిరాదు. ఆవిడ లేచి కొంగు దులుపుకుని గుమ్మం దాటింది. వెనక్కి తిరిగి, "ఆడనే నిలవడ్డవేంది? లోపలికి రా," అంది.

లోపల గూట్లో చిన్న డబ్బా ఉంది. తొమ్మిది విరిగిన సూదులూ అందులో ఉన్నాయి, ఒక్కదానికీ తుప్పు లేదు. అన్నేళ్లూ వాటికి నూనె పెడుతూనే ఉంది ఆవిడ. అవి ఎందుకూ పనికిరావని ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఒకటి తీసి నాకిచ్చింది, దాచుకొమ్మని గానీ ఎందుకని గానీ చెప్పలేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది, నేనూ నూనె పెడతాను.

దుకాణం దగ్గర ఆపాను కదా కథ. నూలు నోట్లోంచి తీసి ఆ అమ్మాయి వైపు తిరిగాను. "ఇది కొనకు బిడ్డా. గంజి నూలు. మిషిన్ సూదులు ఇరుగుతయి," అన్నాను. దుకాణం అతని నవ్వు పోయింది. "పెద్దమ్మా, గిరాకీ చెడగొట్టకు. ఫస్టు రకం నూలు ఇది," అని దారం తీసి రెండు చేతుల మధ్య చటుక్కున గుంజాడు. అది టంగుమని మోగింది. అదే మోత. చుట్టూ నలుగురు చేరారు. "నీకేం తెలుసు నూలు గురించి? ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను, బజారంతా వినబడేలా. "బంట్వారం మార్తమ్మ టీచర్ నేర్పింది."